ఢిల్లీ ఆసియా క్రీడల ప్రారంభోత్సవము: వచ్చిన దృశ్యము, రాని పలుకు

తెలుగునాటి ఎల్లలకావల తరతరములుగా స్థిరపడిన మనవారి చరిత్రను వ్రాయబూనిన పండితులు సాధారణముగా శాసనములను, దేవాలయములను, కైఫీయతులను, వలసల గాథలను ఆధారముగా గైకొనుచుందురు. అది యుక్తమే. కాని గడచిన డెబ్బది యెనుబది యేండ్లలో మన బిడ్డల చెవిని ప్రతిదినము ఏ భాష పడుచు వచ్చినదో ఏ శాసనమును చెప్పజాలదు. ఆ సంగతి తెలియవలెనన్న సినిమా, రేడియో, టెలివిజనుల చరిత్రను చూడవలసియున్నది. ఇంటిలోని భాషను నిలుపుటకును, చెరపుటకును ఈ మూడింటికి గల శక్తి సామాన్యమైనది కాదు.

ఆ చరిత్రలో ఒక్క దినమును మాత్రము ఈ వ్యాసమున పరిశీలింప దలచితిని. 1982 నవంబరు 19వ తేదీన ఢిల్లీ జవహర్లాల్ నెహ్రూ క్రీడారంగమున తొమ్మిదవ ఆసియా క్రీడలకు ప్రారంభోత్సవము జరిగినది. దేశమందలి అనేక పట్టణములలోని జనులు ఆ యుత్సవమును జరుగుచున్న క్షణముననే, రంగులతో సహా, తమ తమ ఊళ్ళలో చూడగలిగిరి. క్రీడల చరిత్ర వ్రాయువారికిది ఒక మైలురాయి. భాషల చరిత్ర వ్రాయువారికి, ముఖ్యముగా పరరాష్ట్రములలో తెలుగు చెప్పుకొను మాబోటి ఉపాధ్యాయులకు, ఇది ఒక ప్రశ్న. దృశ్యము వచ్చినది గదా, పలుకు ఏ భాషలో వచ్చినది?

ప్రత్యక్ష ప్రసారమునకు పూర్వము

ఆసియా క్రీడలు పుట్టినది ఢిల్లీలోనే. 1951 మార్చి 4వ తేదీన నేషనల్ స్టేడియములో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి క్రీడలను ప్రారంభించిరి. 11 దేశములు పాల్గొనినవి. ఈ క్రీడల భావమునకు రూపమిచ్చినవారిలో గురుదత్త సోంధీగారు అగ్రగణ్యులు. అప్పటికి మన దేశమున టెలివిజను లేదు. కావున మైదానమున కూర్చుండినవారు తప్ప తక్కినవారెవ్వరును ఆ యుత్సవమును జరుగుచుండగా కన్నులార చూడలేదు.

మరి దూరదేశపు సంగతులు జనులకెట్లు తెలియుచుండెను? మొదటిది వార్తాపత్రిక. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ ఆనాడు మద్రాసునుండియే వెలువడుచుండెను. కావున మద్రాసు తెలుగువారికి తమ ఊరిలోనే తమ భాషలో వార్త అచ్చగుచుండెను. రెండవది రేడియో. మూడవది సినిమాహాలులో అసలు చిత్రమునకు ముందు చూపు వార్తాచిత్రము. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజను ఈ వార్తాచిత్రములను తయారుచేసి పంపుచుండెను. సినిమాహాళ్ళు వానిని విధిగా ప్రదర్శింపవలసియుండెను.

ఇక్కడ మనము జాగ్రత్తగా గమనింపవలసిన విషయమొకటి గలదు. ఫిలిమ్స్ డివిజనువారు తొలినాళ్ళలోనే తమ వార్తాచిత్రములను ఆంగ్లము, హిందీ, బెంగాలీ, తమిళము, తెలుగు అను అయిదు భాషలలో వ్యాఖ్యానముతో సిద్ధపరచుచుండిరి. దృశ్యమొకటే, మాట మాత్రము ఏ భాషకాభాష. ఢిల్లీలో జరిగిన సంగతి మన ఊరి తెరపైకి వచ్చుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టెడిది. కాని వచ్చినప్పుడు తెలుగులో రాగల అవకాశమతనికుండెను. రీలు పెట్టెతోబాటు భాషయు ప్రయాణము చేసెడిది. ఆలస్యము లోపమే. ఐనను అనువాదమునకు వ్యవధినిచ్చినది ఆ యాలస్యమే.

లోకమున ఈ విద్య పెరిగిన తీరు

క్రీడోత్సవములను టెలివిజనులో చూపు ప్రయత్నము 1936 బెర్లిన్ ఒలింపిక్సుతో ఆరంభమైనది. ఆనాడు ఇండ్లలో సెట్లు లేవు. నగరమున అక్కడక్కడ ఏర్పరచిన బహిరంగ ప్రదర్శనశాలలలో జనులు గుమిగూడి చూచిరి. నాజీ ప్రభుత్వము తన ప్రతాపమును చాటుకొనుటకు ఈ కొత్త సాధనమును వాడుకొనెనన్న సంగతి కూడ మరువరాదు. ప్రారంభోత్సవమనునది క్రీడకు ముందుమాట మాత్రమే కాదు, ఆతిథ్యమిచ్చు రాజ్యము తన్నుతాను లోకమునకు చూపుకొను అద్దము.

1948 జూలై 29న లండనులోని వెంబ్లీ క్రీడారంగమున జరిగిన ప్రారంభోత్సవమును బి.బి.సి. వారు ప్రసారము చేసిరి. ఆ ఒలింపిక్సును టెలివిజనులో సుమారు 5 లక్షలమంది చూచిరని అంచనా. వారిలో అధికులు లండనుకు ఏబది మైళ్ళ లోపలివారే. కారణము స్పష్టము. టెలివిజను తరంగములు వెలుతురువలె తిన్నగా పోవును. భూమి గుండ్రముగా నుండుటచే గోపురపు ఎత్తు చూపినంత మేరకే అవి చేరును. 1960 రోము ఒలింపిక్సు నాటికి యూరపు దేశములు తమ కేంద్రములను గొలుసువలె కలుపుకొనినందున పలుదేశములవారు ఒకేసారి చూడగలిగిరి. అమెరికాకు మాత్రము ఫిల్ములను, టేపులను విమానములలో పంపవలసివచ్చినది.

ఆ సముద్రమును దాటించినది 1964 టోక్యో ఒలింపిక్సు. ఆ సంవత్సరము ఆగస్టులో ఆకాశమునకెగసిన సింకామ్-3 అను ఉపగ్రహము భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, భూమి తిరుగు వేగముతోనే తానును తిరుగుచు, చూచువారికి కదలనట్లే కనిపించెడిది. అక్టోబరు 10న జపాను చక్రవర్తి క్రీడలను ప్రారంభించిన దృశ్యము ఆ ఉపగ్రహము మీదుగా పసిఫికు మహాసముద్రము దాటి అమెరికా చేరినది. ఆనాడు జ్యోతిని వెలిగించిన యువకుడు సకాయి యొషినొరి. హిరోషిమాపై అణుబాంబు పడిన 1945 ఆగస్టు 6వ తేదీననే ఆ మండలమున పుట్టినవాడు. ఆ సంగతి తెలిసినవానికి ఆ దృశ్యము కన్నీరు తెప్పించును. తెలియనివానికి ఒక పడుచువాడు మెట్లెక్కి దివ్వె ముట్టించినట్లు మాత్రమే తోచును. దృశ్యమునకు అర్థమునిచ్చునది మాట యనుటకు ఇంతకన్న నిదర్శనము కావలెనా?

ఆ టోక్యోలోనే మన హాకీ జట్టు పాకిస్తానును ఒక గోలు తేడాతో గెలిచి స్వర్ణపతకము తెచ్చినది. ఆ విజయమును మన దేశమున ప్రత్యక్షముగా చూచినవారు లేరు. ఉపగ్రహ సంకేతములనందుకొను వాణిజ్య భూకేంద్రము మనకు 1971లో గాని, పూనా సమీపమున ఆర్వి గ్రామమందు గాని, ఏర్పడలేదు.

మన దేశమున టెలివిజను

మన దేశమున టెలివిజను ప్రయోగరూపమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనది. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ సాయమున కొద్దిపాటి సామూహిక సెట్లను పెట్టి, వారమునకు రెండుదినములు, స్వల్పకాలము మాత్రమే కార్యక్రమములను చూపిరి. 1965లో దినచర్య ప్రసారములు ఆరంభమైనవి. 1972లో బొంబాయికి, 1975లో మద్రాసునకు, 1977లో హైదరాబాదునకు, 1981లో బెంగళూరునకు కేంద్రములు లభించినవి. 1976 ఏప్రిలు 1న ఆకాశవాణినుండి వేరుపడి దూరదర్శన్ ప్రత్యేక శాఖయైనది.

ఈ క్రమమును మన సమాజముల దృష్టితో చూచినచో ఒక విచిత్రము గోచరించును. బొంబాయి మిల్లులలోను, మగ్గముల యొద్దను పనిచేసిన తెలుగువారికి టెలివిజను హైదరాబాదు తెలుగువారికన్న అయిదేండ్లు ముందు దొరకెను. మద్రాసు తెలుగువారికి రెండేండ్లు ముందు దొరకెను. యంత్రము ముందు వచ్చినది. కాని బొంబాయి కేంద్రపు ప్రాంతీయ భాష మరాఠీ, మద్రాసు కేంద్రపు భాష తమిళము. గోపురము ఏ రాష్ట్రమున నిలిచినదో ఆ రాష్ట్రభాషయే ఆ గోపురపు భాష. దాని నీడన నివసించు అల్పసంఖ్యాకుల భాషకు అందు స్థానము స్వల్పము. ఇందెవరి దురుద్దేశమును లేదు. భాషాప్రయుక్త రాష్ట్రముల పద్ధతియు, తరంగముల స్వభావమును కలసి అట్లు చేసినవి.

ఈ నడుమ 1975 ఆగస్టునుండి 1976 జూలై వరకు ఒక సంవత్సరకాలము జరిగిన మహాప్రయోగమును ఇచ్చట ప్రత్యేకముగా పేర్కొనవలెను. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహమును అడిగి తెచ్చుకొని, మన అంతరిక్ష శాస్త్రజ్ఞులు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అను ఆరు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు నేరుగా టెలివిజను చూపిరి. సైట్ అను పొట్టిపేరుతో ఇది ప్రసిద్ధము. ఇనుపతీగె జాలితో చేసిన మూడు మీటర్ల వెడల్పు గొడుగు వంటి ఆంటెన్నాలను బడులపైనను, పంచాయతీ కార్యాలయములపైనను నిలిపిరి. తెలుగు, కన్నడము, ఒడియా, హిందీ భాషలలో వ్యవసాయము, ఆరోగ్యము, పిల్లల చదువు మున్నగు విషయములు ప్రసారమైనవి. కర్ణాటకమున ఈ గ్రామములు రాయచూరు, గుల్బర్గా, బిజాపురము జిల్లాలలోనివి. వీనిలో మొదటి రెండును తెలుగునాటి సరిహద్దున నుండి తెలుగు వినవచ్చు ప్రాంతములేయని చదువరులెరుగుదురు.

ఆ ఉపగ్రహమునకు ఒక సౌకర్యముండెను. ఒక్క బొమ్మతోబాటు రెండు ధ్వనిమార్గములను అది పంపగలదు. అనగా ఒకే దృశ్యమును ఇరుభాషలవారు తమ తమ మాటతో వినుటకు కావలసిన శక్తి 1975 నాటికే మన ఆకాశమున నుండెనన్నమాట. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొని ముందునకు సాగుదము.

1982 నవంబరు 19

ఆసియా క్రీడలు మరల ఢిల్లీకి రానున్నవని తెలిసినప్పటినుండి రంగుల టెలివిజను కావలెనను వాదము బలపడెను. పేదదేశమునకు రంగుల ముచ్చట యేల యని ఆక్షేపించినవారు కలరు. సమాచార ప్రసారశాఖ మంత్రిగానుండిన వసంత్ సాఠేగారు రంగులకే గట్టిగా నిలిచిరి. 1982 ఆగస్టు 15న స్వాతంత్ర్యదినోత్సవముతో రంగుల ప్రసారమును, ఢిల్లీనుండి అన్ని కేంద్రములకు ఒకేసారి వెళ్ళు జాతీయ కార్యక్రమమును మొదలైనవి.

ఐతే ఒక విఘ్నము కలిగెను. దేశమంతటిని కలుపుటకై 1982 ఏప్రిలు 10న ప్రయోగించిన ఇన్సాట్-1ఏ ఉపగ్రహము ఆదినుండియు చిక్కులలో పడి, ఇంధనము అయిపోయి, సెప్టెంబరు 6న నిరుపయోగమైనది. క్రీడలకు అప్పటికి మిగిలినది రెండున్నర నెలలు. అధికారులు చేతులు ముడుచుకొని కూర్చుండక, విదేశీ ఉపగ్రహముపై అద్దెకు తీసుకొనిన మార్గమును, భూమిపైనున్న మైక్రోవేవు గొలుసును ఉపయోగించి పని నెరవేర్చిరి. పలు నగరములలో సుమారు 20 అల్పశక్తి ప్రసారిణులను నెలకొల్పిరి. ఒక్కొక్కదాని శక్తి 100 వాట్లు. ఇవి స్వంతముగా కార్యక్రమములను తయారుచేయు కేంద్రములు కావు. ఢిల్లీనుండి వచ్చినదానిని వచ్చినట్లు చుట్టుప్రక్కల కొన్ని మైళ్ళకు వెదజల్లునవి మాత్రమే.

నవంబరు 19న రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగుగారు క్రీడలు ప్రారంభమైనవని ప్రకటించిరి. ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ ఉపస్థితులై యుండిరి. 33 దేశముల క్రీడాకారులు తమ తమ పతాకములతో కవాతు చేసిరి. పండిత రవిశంకరుగారు స్వరపరచిన స్వాగతగీతమును పాడిరి. దానిని రచించినవారు హిందీ కవి పండిత నరేంద్రశర్మగారు. హాకీ వీరుడు బల్బీర్ సింగు, క్రీడాకారిణి డయానా సిమ్స్ కలసి జ్యోతిని వెలిగించిరి. పరుగు పందెముల రాణి గీతా జుత్షీ క్రీడాకారుల పక్షమున ప్రమాణము చేసెను. అప్పూ అను ఏనుగు పిల్ల ఆ క్రీడలకు చిహ్నమై, దేశమందలి బాలురకెల్ల చెలికాడైనది. ఆసియా ఒలింపికు మండలి ఆధ్వర్యమున జరిగిన మొట్టమొదటి క్రీడలివియే.

ఈ యుత్సవమును చూచుటకు సెట్టు కలవారి ఇంటికి సెట్టు లేనివారు పోవుట, వాకిట చాపలు పరచుట, కిటికీలనుండి తొంగిచూచుట ఆనాటి మర్యాద. ఈ వ్యాసకర్త ఆనాటికి పసివాడు. కావున నేను పెద్దలనుండి విన్నదే గాని స్వయముగా ఎరిగినది లేదు. మా పాఠశాల విద్యార్థుల తాతలు, అవ్వలు చెప్పు మాటలలో మాత్రము ఒక్క సంగతి తరచుగా వినబడును. అప్పూను గూర్చి, రంగులను గూర్చి, కవాతును గూర్చి వారు విపులముగా చెప్పుదురు. చెప్పిన మాటలేవియని అడిగినచో చిరునవ్వు నవ్వి ఊరకుందురు. వ్యాఖ్యానము హిందీలోను, ఆంగ్లములోను సాగినది. ఆ రెండును రాని అవ్వకు ఆ దినము మూగబొమ్మల పండుగయే.

బొమ్మ యొకటి, పలుకు వేరు

దీనికి అధికారులను నిందించుటకు ముందు ఇట్టి ప్రసారము జరుగు విధమును తెలిసికొనుట న్యాయము. అంతర్జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చు దేశపు ప్రసారసంస్థ దృశ్యమును, మైదానపు పరిసరధ్వనిని, అనగా చప్పట్లు, వాద్యములు, కేకలు మొదలైనవానిని, ఒక్కటిగా కూర్చి పంపును. వ్యాఖ్యాత గొంతు అందులో కలియదు. దానిని అందుకొన్న ప్రతిదేశమును తన వ్యాఖ్యాతను కూర్చుండబెట్టి తన భాషలో మాట జోడించుకొనును. అందువలన ఒకే దృశ్యము ఒకచోట జపానుభాషలో, ఒకచోట అరబ్బీలో వినవచ్చును. బొమ్మకు ఒకటే దారి, పలుకునకు ఎన్ని దారులైనను ఉండవచ్చును.

దేశదేశములకు చెల్లిన ఈ న్యాయము ఒకే దేశమందలి భాషలకు చెల్లకూడదా? 1982లో మన రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున 15 భాషలుండెను. ప్రతిభాషకు ఒక ధ్వనిమార్గమును ఢిల్లీనుండి నడుపుట ఆనాడు కష్టసాధ్యమే. ఆనాటి ప్రసారిణి బొమ్మతోబాటు ఒక్క ధ్వనిని మాత్రమే వెదజల్లగలదు. ఉపగ్రహము చెడిపోయి, గడువు సమీపించి, దృశ్యము చేరునో లేదోయని అందరును తల్లడిల్లుచున్న సమయమున భాషలనుగూర్చి ఆలోచించు తీరిక ఎవరికుండును? ఇది ఒప్పుకొనవలసిన మాట.

ఐనను ప్రారంభోత్సవమునకు, ఆటకు ఒక భేదము గలదు. ఆటలో తరువాతి క్షణమున ఏమి జరుగునో దేవునికే తెలియును. అక్కడి వ్యాఖ్యానము అప్పటికప్పుడు పుట్టవలసినదే. ప్రారంభోత్సవమట్లు కాదు. ఎవరు ముందు నడుతురో, ఏ గీతము పాడుదురో, ఏ నాట్యము తరువాత ఏ నాట్యము వచ్చునో సర్వమును ముందుగానే కాగితముపై వ్రాసియుండును. కావున ప్రత్యక్ష ప్రసారములలో అనువాదమునకు మిక్కిలి అనువైనది ప్రారంభోత్సవమే. హైదరాబాదు, మద్రాసు, బెంగళూరు కేంద్రములలో ఒక్కొక్క పండితుని కూర్చుండబెట్టియుండినచో ఆయా భాషలవారికి ఆ పండుగ అర్థమైయుండెడిది.

అయినను మన చిక్కు పూర్తిగా తీరియుండెడిది కాదు. హైదరాబాదు కేంద్రమున తెలుగు పలికినను అది మద్రాసు చేరదు, బొంబాయి చేరదు, బరంపురము చేరదు. అచ్చటి గోపురములు తమిళమునో, మరాఠీనో, ఒడియానో పలుకును. హిందీకి బదులు రాష్ట్రభాష వచ్చినను రాష్ట్రమందలి అల్పసంఖ్యాకునికి అది మరియొకరి భాషయే. మనవంటివారి సమస్య ఢిల్లీకిని, రాష్ట్రములకును నడుమ నున్న సమస్య మాత్రమే కాదు. నేలకు భాషను కట్టివేసిన యంత్రముతో వచ్చిన సమస్య.

ఆతిథ్యమిచ్చు దేశములు తమ భాషను ఈ యుత్సవములలో ఎంత గౌరవముగా నిలుపుకొనునో కూడ చూడదగినది. ఒలింపిక్సు కవాతులో గ్రీసుదేశము మొదట నడచును, ఆతిథేయి చివర నడచును. నడుమనున్నవారి వరుస ఆతిథ్యదేశపు భాషననుసరించి యుండుట వాడుక. 2008 ఆగస్టు 8న బీజింగులో ఆ వరుసను చీనా లిపిలోని గీతల సంఖ్యను బట్టి నిర్ణయించిరి. కరోనా వ్యాధిచే ఒక సంవత్సరము వాయిదాపడి 2021 జూలై 23న జరిగిన టోక్యో ప్రారంభోత్సవమున జపాను అక్షరమాల క్రమమున దేశములు నడచినవి. లోకమంతయు చూచు ఒక్క పూటలో తమ అక్షరమాలయే లోకమును నడపినట్లు వారు చూపిరి. అక్షరమాల బాలశిక్షతో ముగియునది కాదని మన పిల్లలకు చెప్పుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము నాకు దొరకలేదు.

గోపురమునుండి ఆకాశమునకు

1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి ఆకాశమునకెగసి, తన పనిని చక్కగా నెరవేర్చెను. 1984లో కొన్ని మాసములపాటు దినమునకొక ప్రసారిణి చొప్పున దేశమున వెలసినవి. పల్లెలకు కూడ టెలివిజను చేరెను. ఐనను అప్పటికిని భాష గోపురమునకు కట్టుబడియే యుండెను.

ఆ కట్టు తెగినది 1995లో. ఆ సంవత్సరము జెమిని, ఈటీవీ అను తెలుగు ఉపగ్రహ వాహినులు ప్రారంభమైనవి. కేబులు తీగె గల ఏ ఊరిలోనైనను, అది కృష్ణగిరియైనను, కోలారైనను, షోలాపురమైనను, బరంపురమైనను, యానామైనను, తెలుగు వినుటకు అడ్డు లేకపోయెను. శతాబ్దములుగా సరిహద్దులకావల నుండిన మనవారికి మాతృభాష గాలిలో తిరిగి వచ్చుట సామాన్యమైన సంగతి కాదు. 2003 అక్టోబరు 24న ఆఫ్రో-ఆసియా క్రీడలు హైదరాబాదున ఆరంభమైనప్పుడు, అంతర్జాతీయ క్రీడోత్సవమొకటి తెలుగు గడ్డపై జరుగుట చూచి పొరుగు రాష్ట్రముల తెలుగువారును గర్వించిరి. నేడు క్రికెట్టు, కబడ్డీ పోటీలకు తెలుగు వ్యాఖ్యానము వినవచ్చుచున్నది. మీట నొక్కి భాషను మార్చుకొను సౌకర్యము అరచేతి ఫోనులోనే ఉన్నది.

కావున ఈ చరిత్రను మూడు దశలుగా విభజింపవచ్చును. మొదటి దశలో భాష రీలు పెట్టెలో ప్రయాణము చేసినది. ఆలస్యముగా వచ్చినను మన పలుకుతో రాగలిగినది. రెండవ దశలో భాష గోపురమునకు కట్టుబడినది. తక్షణము వచ్చినది గాని పరుల పలుకుతో వచ్చినది. 1982 నవంబరు 19 ఈ రెండవ దశకు శిఖరము. మూడవ దశలో భాష నేలను విడిచి ఆకాశమునకెక్కినది. ఇప్పుడు ఎంచుకొను అధికారము చూచువానిదే.

మన కర్తవ్యము

ఇక్కడనే నాకు దిగులు కలుగుచున్నది. అవకాశము లేని దినములలో అవ్వకు తెలుగు తప్ప వేరొకటి రాదు. అవకాశమున్న నేటి దినములలో మనుమనికి తెలుగు వినవలెనను కోరిక లేదు. మా బడిపిల్లలలో పలువురు ఇంట తెలుగు మాటాడుదురు, బయట రాష్ట్రభాష మాటాడుదురు, ఆట చూచునప్పుడు మాత్రము ఆంగ్లమునో హిందీనో ఎంచుకొందురు. ఆటకు తెలుగు సరిపోదని వారి నమ్మకము. వినువారు లేని వ్యాఖ్యానమును ఏ వాహినియు చిరకాలము నడుపదు. 1982లో మన పలుకు రాకపోవుటకు యంత్రము కారణము. ఇకమీదట రాకపోయినచో దానికి మనమే కారణమగుదుము.

ఇందుకు నేను తరగతిలో చేయు చిన్న ప్రయత్నమును మనవి చేసెదను. ఏదేని ప్రారంభోత్సవపు దృశ్యమును ధ్వని లేకుండ చూపి, పిల్లలను తెలుగులో వ్యాఖ్యానము చెప్పుమందును. మొదట తడబడుదురు. పిదప పతాకధారి, కవాతు, జ్యోతి, ప్రమాణము, ఆతిథ్యము అను మాటలు వారి నోట వెలువడును. మాట దొరకనిచోట తమ అవ్వనడిగి తెత్తురు, లేదా తామే ఒకటి కల్పించుకొందురు. వ్యాకరణ సూత్రములు చెప్పి నేను పది దినములలో నేర్పలేని దానిని వారు ఒక గంటలో నేర్చుకొందురు. పరరాష్ట్రములలో తెలుగు బోధించు సోదర సోదరీమణులు దీనిని పరీక్షించి చూడ ప్రార్థన.

మరియొక కార్యము మన సంఘములు చేపట్టవలసియున్నది. 1982లో ముప్పది యేండ్లవారు నేడు డెబ్బది దాటినవారు. ఏ ఊరిలో తొలి టెలివిజను ఎవరి ఇంట వెలసినది, ఏ కేంద్రపు బొమ్మ అందెడిది, ఏ భాషలో వినిరి, ఎవరు ప్రక్కన కూర్చుండి తెలుగులో తాత్పర్యము చెప్పిరి అను సంగతులను వారినుండి ఇప్పుడే వ్రాసికొనవలెను. ఇంటింట తాత్పర్యము చెప్పిన ఆ అజ్ఞాత వ్యాఖ్యాతలే మన భాషను ఆ దశలో నిలిపినవారు. వారి పేర్లు ఏ ప్రసారసంస్థ దస్త్రములలోను ఉండవు. ఇట్టి సంచికలలోనైనను ఉండవలెను.

2024 జూలై 26న పారిసు ఒలింపిక్సు ప్రారంభోత్సవము క్రీడారంగమున గాక సేను నదిపై జరిగినది. పడవలలో దేశదేశముల క్రీడాకారులు వచ్చిరి. మన దేశపు పడవలో త్రివర్ణ పతాకమును పట్టినవారు ఇరువురు. ఒకరు హైదరాబాదుకు చెందిన పి.వి. సింధు. రెండవవారు చెన్నైకి చెందిన బల్లబంతి ఆటగాడు ఆచంట శరత్ కమల్. ఆచంట యనునది గోదావరి సీమలోని ఊరిపేరు. ఆ యింటిపేరుగల తెలుగు కుటుంబమున, ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగిన ఆ 1982వ సంవత్సరముననే, ఆయన జన్మించెను. తెలుగునాటి బిడ్డయు, తమిళనాటి తెలుగుబిడ్డయు ఒకే పడవపై ఒకే పతాకము క్రింద నిలిచిన ఆ దృశ్యమును లోకము ప్రత్యక్షముగా చూచినది. ఆ యింటిపేరు ఎక్కడిదో, ఆ కుటుంబము ఏ నదీతీరమునుండి ఏ సముద్రతీరమునకు వచ్చినదో లోకపు వ్యాఖ్యాతలు చెప్పరు. అది మన పిల్లలకు మన భాషలో చెప్పవలసినవారము మనమే.